వాయేజర్ వెంట కాళేశ్వరం దాకా

హనుమకొండలో నాది రేడియోలు, టీవీలు బాగుచేసే దుకాణం. నలభై ఏళ్లుగా అదే పని. ఇప్పుడు రేడియోలు ఎవరూ తేరు. టీవీలు వచ్చినా బోర్డు తీసి కొత్త బోర్డు పెట్టడమే తప్ప టంకం వేసే అవసరం పెద్దగా పడదు. మధ్యాహ్నాలు ఈగలు తోలుకుంటూ కూర్చున్నప్పుడు నాకు వాయేజర్ నౌకల మోజు పట్టుకుంది. గ్రహాలను చూడటానికి అమెరికా పంపిన, మనుషులు లేని రెండు అంతరిక్ష నౌకలివి. 1977లో ఎగిరిన యంత్రాలు ఇప్పటికీ మాట్లాడుతున్నాయంటే మెకానిక్ అన్నవాడికి నిద్ర పడుతుందా?

మా మేనకోడలు డిగ్రీలో ఫిజిక్స్ చదువుతోంది. డిసెంబరులో పరీక్షలు అయిపోయాక ఒకరోజు దుకాణానికి వచ్చి, గోడకున్న సౌరకుటుంబం పటాన్ని చూసి మూతి విరిచింది. "ఇది తప్పు మామయ్యా. గ్రహాలన్నీ బస్సు కోసం వరసలో నిలబడ్డట్టు ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి" అంది. సరైన పటం గీయాలంటే ఎంత కాగితం కావాలని అడిగాను. కాగితం చాలదు, రోడ్డు కావాలంది.

లెక్క ఆమెదే. సూర్యుడికీ భూమికీ మధ్య దూరం సుమారు 15 కోట్ల కిలోమీటర్లు. దాన్ని ఒక్క కిలోమీటరు అనుకుంటే గురుగ్రహం 5.2 కిలోమీటర్ల దగ్గర వస్తుంది. శని 9.5, యురేనస్ 19, నెప్ట్యూన్ 30. సూర్యుడి నుంచి వీచే కణాల గాలి ఆగిపోయే సరిహద్దు 120 దగ్గర. హనుమకొండ నుంచి 120 కిలోమీటర్లు అనగానే నా నోట కాళేశ్వరం పేరు వచ్చింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆ రాత్రే సంచి సర్దాను. అందులో నా పాత ట్రాన్సిస్టర్ కూడా పెట్టాను. ఆకాశవాణి వరంగల్ కేంద్రం ఎంత దూరం వినిపిస్తుందో చూడాలని నా సొంత సరదా.

మొదటి రోజు: సూర్యుడి నుంచి శని దాకా, కాలినడకన

సూర్యుణ్ణి ఎక్కడ పెట్టాలన్న చర్చే రాలేదు. వేయి స్తంభాల గుడి త్రికూటాలయం. శివుడికి, విష్ణువుకు, సూర్యుడికి మూడు గర్భాలయాలు. కాకతి రుద్రదేవుడు 1163లో వేయించిన శాసనం ఇక్కడ ఉంది. పొద్దున్నే వెళ్లి సూర్యుడి గర్భాలయం ముందు నిలబడి నమస్కారం పెట్టుకున్నాం. మా కొలతలో సూర్యుడు 9.3 మీటర్ల గుండు. అంటే మూడంతస్తుల ఇల్లంత. బయటికి వచ్చి మేనకోడలు ఫోనులో దూరం లెక్కపెట్టే యాప్ మొదలుపెట్టింది. నడక సాగించాం.

ఈ కొలతలో వెలుతురు వేగం ఎంతో తెలిసినప్పుడు నాకు నవ్వు ఆగలేదు. సూర్యకాంతి భూమిని చేరడానికి 8 నిమిషాల 20 సెకన్లు పడుతుంది. ఆ సమయంలో ఒక కిలోమీటరు అంటే గంటకు 7 కిలోమీటర్ల పైచిలుకు. బస్సు తప్పిపోతుందని గబగబా నడిచే మనిషి వేగం! విశ్వంలో దేనికీ అంతకు మించిన వేగం లేదట. ఒక కిలోమీటరు మేం పన్నెండు నిమిషాలు నడిచాం. వెలుతురు మమ్మల్ని దాటి పోయింది, అయితే మరీ కనుచూపు మేర దాటి కాదు.

కిలోమీటరు పూర్తయ్యేసరికి ములుగు రోడ్డు కూడలికి చేరువలో ఒక పండ్ల బండి ఉంది. భూమి ఎనిమిదిన్నర సెంటీమీటర్లు ఉండాలి. బండి మీద ఒక బత్తాయిని మేనకోడలు స్కేలు పెట్టి కొలిచింది. సరిపోయింది. చంద్రుడు దానికి రెండున్నర మీటర్ల దూరంలో ఒక గోళీకాయ. మనుషులు ఇప్పటిదాకా వెళ్లిన దూరమంతా ఆ రెండున్నర మీటర్లే. బత్తాయి కొని, "దీన్ని ఇక్కడే ఉంచు బాబూ, నాలుగైదు రోజుల్లో వస్తాం" అన్నాను. బండి అబ్బాయి మమ్మల్ని కాసేపు పరీక్షగా చూసి, త్రాసు పక్కన పెట్టాడు.

వాయేజర్ 2 ముందు ఎగిరింది, 1977 ఆగస్టు 20న. వాయేజర్ 1 సెప్టెంబరు 5న బయలుదేరినా దగ్గరి దారి పట్టి ముందుగా గురుగ్రహాన్ని చేరింది. దానికే ఒకటి అని పేరెందుకో అందరూ అడుగుతారు, జవాబు ఇదే. బత్తాయి దగ్గర నుంచి గురుగ్రహం దాకా మా కొలతలో నాలుగు కిలోమీటర్ల పైమాట. వాయేజర్ 1కు పట్టిన కాలం సరిగ్గా 18 నెలలు. మాకు పట్టింది గంటకు కొద్దిగా తక్కువ, మధ్యలో టీ తాగిన సమయంతో కలిపి.

పైడిపల్లి ప్రాంతంలో యాప్ 5.2 చూపించింది. గురుగ్రహం ఇక్కడ దాదాపు మీటరు వెడల్పు, పెళ్లి వంటల గుండిగంత. 1979 మార్చి 5న వాయేజర్ 1 దీని పక్కనుంచి పోయింది. నాకు బాగా నచ్చిన కథ ఆ తర్వాత మూడు నాలుగు రోజులకు జరిగింది. లిండా మొరాబిటో అనే ఇంజినీరు దారి సరిచూసుకోవడానికి వెనక్కి తిరిగి తీసిన ఒక ఫొటోను తెర మీద పెట్టుకుంది. మసక నక్షత్రాలు కనిపించాలని వెలుతురు పెంచింది. అయో అనే ఉపగ్రహం అంచున గొడుగులాంటి మబ్బు తేలింది. అది బద్దలవుతున్న అగ్నిపర్వతం. భూమి కాకుండా మరోచోట మండుతున్న అగ్నిపర్వతాన్ని మనిషి చూడటం అదే మొదలు. వెతికింది నక్షత్రం కోసం, దొరికింది నిప్పు. టీవీలో బొమ్మ సరిచేస్తూ బ్రైట్‌నెస్ పెంచినప్పుడు మూలన దాక్కున్న అసలు లోపం బయటపడటం నాకు అనుభవమే. అందుకే ఆమె మీద నాకు ప్రత్యేకమైన అభిమానం.

అక్కడే రోడ్డు పక్క నిలబడి ఉండగా పత్తి బస్తాల ట్రాక్టర్ ఒకటి పోయింది. వెనక ఒక కుర్రాడు సైకిలు తొక్కకుండానే ట్రాలీ కొక్కెం పట్టుకుని పోతున్నాడు. వంపు దగ్గర చేయి వదిలేశాడు. ట్రాక్టర్ తన దారిన తాను పోయింది, సైకిలు మాత్రం అదే ఊపుతో పక్క దారిలోకి దూసుకుపోయింది. "అదిగో మామయ్యా, గురుగ్రహం చేసిన పని అదే" అంది మేనకోడలు. గురుగ్రహం సూర్యుడి చుట్టూ పరుగెత్తే ఊపులో కాస్త ఈ నౌకలకు అంటగట్టింది. తానెంత నెమ్మదించిందో ఎవరూ కొలవలేనంత తక్కువ. చేతిలో ఉన్న ఇంధనంతో మాత్రమే పోవాలంటే నెప్ట్యూన్ దాకా పోవడం ఆ నౌక వల్ల అయ్యేది కాదు. కుర్రాడి పని మాత్రం ప్రమాదకరం, ఎవరూ అనుకరించవద్దు.

ఆరెపల్లి దాటాక శని. ఇక్కడ 80 సెంటీమీటర్ల గోళం, చుట్టూ మనిషి చేతులు బార్లా చాపినంత వెడల్పు వలయాలు. 1980 నవంబరు 12న వాయేజర్ 1 ఇక్కడ ఒక ఎంపిక చేసుకోవలసి వచ్చింది. శని ఉపగ్రహం టైటన్‌ను దగ్గర నుంచి చూడాలంటే దాని దారి పైకి వంగిపోతుంది, ఇక ఏ గ్రహమూ ఎదురుకాదు. టైటన్‌కు దట్టమైన గాలి ఉంది కాబట్టి శాస్త్రవేత్తలు దానికే ఓటేశారు. తీరా చూస్తే నారింజ రంగు మసక తప్ప నేల కనిపించలేదు. ఒకవేళ వాయేజర్ 1 విఫలమై ఉంటే వాయేజర్ 2ను టైటన్‌కు మళ్లించేవారు. అప్పుడు యురేనస్, నెప్ట్యూన్ మనకు దక్కేవి కావు. అన్న ఒక్కదాని కోసం ఆగిపోయాడు, తమ్ముడు ఊళ్లన్నీ తిరిగాడు.

శని దగ్గర ఆటో దొరికింది. హనుమకొండ చేరడానికి పావుగంట. ఇంట్లో కాళ్లు వేణ్ణీళ్లలో పెట్టుకుని రేడియో వేశాను. మా ఊళ్లో మా కేంద్రం, గంట కొట్టినట్టు వినిపించింది.

రెండో రోజు: యురేనస్, నెప్ట్యూన్, పరకాల

నిన్నటి నడకకు మోకాళ్లు మొరాయించాయి. ఈ రోజు నుంచి స్కూటర్. శని ఉన్న చోటు నుంచే మొదలుపెట్టాలని మేనకోడలు పట్టుబట్టింది, మధ్యలో వదిలితే లెక్క తప్పుతుందట. పొగమంచులో దామెర దాటాం. గూడెప్పాడు క్రాస్ రోడ్డు దగ్గరకు వచ్చేసరికి మీటరు 19 దాటింది. ఇక్కడ ములుగు దారి, పరకాల దారి విడిపోతాయి. ఈ చీలిక శని దగ్గర ఉండి ఉంటే రెండు వాయేజర్లూ విడిపోయిన కథకు అచ్చుగుద్దినట్టు సరిపోయేది. రోడ్లు వేసినవాళ్లకు నా అవసరం తెలియదు కదా.

యురేనస్ ఇక్కడ స్టీలు నీళ్ల బిందెంత. అది సూర్యుడి చుట్టూ పక్కకు ఒరిగి తిరుగుతుంది, బిందెను నేల మీద దొర్లించినట్టు. 1986 జనవరి 24న వాయేజర్ 2 దీన్ని దాటింది. పది కొత్త ఉపగ్రహాలను కనిపెట్టింది. మిరాండా అనే చిన్న ఉపగ్రహం అయితే పగిలిన కుండను ఎవరో తొందరలో అతికించినట్టు ఉంటుంది. ఇంత చూపించినా పత్రికల్లో దానికి దక్కిన చోటు నాలుగు రోజులే. జనవరి 28న చాలెంజర్ నౌక ఏడుగురితో పేలిపోయింది. ఆ దుఃఖంలో యురేనస్‌ను ఎవరు పట్టించుకుంటారు?

ఒక మెకానిక్‌గా నాకు యురేనస్ అంటే వేరే కారణం వల్ల గౌరవం. శనిని దాటుతున్నప్పుడే వాయేజర్ 2 కెమెరాలు తిప్పే వేదిక బిగుసుకుపోయింది. గేర్లలో నూనె సరిగా అందక పట్టేసిందని తేలింది. ఇక దాన్ని నెమ్మదిగా మాత్రమే తిప్పాలి. యురేనస్ దగ్గర ఎండ మన దగ్గరి ఎండలో 370వ వంతు. వెలుతురు తక్కువైతే ఫొటోకు ఎక్కువసేపు కెమెరా తెరిచి ఉంచాలి, అంతసేపు తెరిస్తే వేగానికి బొమ్మ చెరిగిపోతుంది. అప్పుడు వాళ్లు కెమెరాను వదిలేసి మొత్తం నౌకనే కొద్దికొద్దిగా తిప్పుతూ ఫొటో తీశారు. కదిలే బస్సులో నుంచి చెట్టును ఫొటో తీయాలంటే మనం మెడ తిప్పుతాం. వాళ్లు బస్సునే తిప్పారు.

పత్తి చేల మధ్య 30 దగ్గర స్కూటర్ ఆపాను. నెప్ట్యూన్. ఇదీ మరో బిందె, నీలం రంగుది. ఏరడానికి వచ్చిన ఆడవాళ్లు ఒడిలో పత్తి నింపుకుంటూ మమ్మల్ని చూసి, బండి చెడిపోయిందా అని అడిగారు. లేదమ్మా, గ్రహం చూస్తున్నాం అంటే ఏమనుకునేవారో. మంచినీళ్లు తాగడానికి ఆగామని చెప్పాను. నీళ్లు కూడా ఇచ్చారు.

1989 ఆగస్టు 25. పన్నెండేళ్ల ప్రయాణం తర్వాత వాయేజర్ 2 నెప్ట్యూన్ ఉత్తర ధ్రువం మీదుగా, మబ్బులకు 5,000 కిలోమీటర్లు కూడా లేని ఎత్తులో దూసుకుపోయింది. అక్కడి నుంచి వచ్చే మాట ఎంత పలచనైందంటే, భూమి మీద ఒక పెద్ద యాంటెన్నా చాలక, అమెరికా ఎడారిలో ఖగోళ పరిశోధనకు పెట్టిన 27 యాంటెన్నాలను కూడా దానికి జతచేశారు. దూరదర్శన్ కొత్తలో మా వీధిలో ఒక యాంటెన్నాకు బొమ్మ రాకపోతే పొడవాటి వెదురు కట్టి ఎత్తు పెంచేవాళ్లం. దాదాపు ఆ పనే, కాకపోతే కొంచెం ఖర్చు ఎక్కువ. ట్రైటన్ అనే ఉపగ్రహం మీద సున్నాకు 235 డిగ్రీల కింద చలిలో కూడా నైట్రోజన్ పైకి చిమ్ముతున్నట్టు కనిపించింది. యురేనస్‌కు గానీ నెప్ట్యూన్‌కు గానీ ఇప్పటికీ మరో నౌక వెళ్లలేదు. మన పుస్తకాల్లో ఉన్న ఆ దగ్గరి ఫొటోలన్నీ ఆ ఒక్క ప్రయాణంలోవే.

పరకాలలో మా చిన్నమ్మ ఇంట్లో బస. సాయంత్రం అమరధామం చూసి వచ్చాం. 1947 సెప్టెంబరు 2న మువ్వన్నెల జెండా ఎగరేయడానికి వచ్చిన జనం మీద కాల్పులు జరిగిన ఊరిది. ఆ శిల్పాల ముందు వాయేజర్ ముచ్చట్లు రాలేదు. రాత్రి రేడియోలో వరంగల్ కేంద్రం వినిపించింది, పాట వెనక సన్నగా ఇసుక జల్లెడ పట్టిన చప్పుడుతో.

మూడో రోజు: ఏమీ లేని దారి

పరకాల దాటి కొద్ది దూరం పోయాక మీటరు 40 చూపించగానే మేనకోడలు భుజం తట్టింది. దిగి వెనక్కి తిరిగి నిలబడ్డాం. 1990 ఫిబ్రవరి 14న వాయేజర్ 1 ఇంత దూరం నుంచే ఒక్కసారి వెనక్కి తిరిగి సూర్యుణ్ణీ గ్రహాలనూ ఫొటోలు తీసింది. మొత్తం 60. ఆ తర్వాత కరెంటు ఆదా కోసం కెమెరాలు ఆపేశారు. ఆ ఫొటోల్లో ఒకదానిలో భూమి ఉంది, బొమ్మలో ఒక చుక్క కూడా పూర్తిగా నిండలేదు. మేం చూసిన వైపు రోడ్డు, తుమ్మ చెట్లు, ఎదురుగా వస్తున్న ఇసుక లారీ. ఎక్కడో హనుమకొండలో పండ్ల బండి మీద త్రాసు పక్కన ఒక బత్తాయి.

"కనిపిస్తోందా?" అని అడిగాను.

"లారీ అడ్డం వచ్చింది మామయ్యా" అంది.

ఇక చెప్పుకోవడానికి ఏమీ లేదు. వాయేజర్ 1కు ఇక్కడి నుంచి తర్వాతి మజిలీ 94 దగ్గర, అంటే పద్నాలుగేళ్లకు పైగా ఒట్టి ప్రయాణం. మాకు మాత్రం రేగొండ ఇవతల పంచర్ అయింది. స్టెప్నీలో కూడా గాలి లేదు, తప్పు నాదే. అర కిలోమీటరు నెట్టుకుంటూ పోతే చెట్టు కింద ఒక పంచర్ దుకాణం దొరికింది. అతను ట్యూబు తీసి నీళ్ల తొట్టిలో ముంచి, బుడగలు ఎక్కడ వస్తాయో చూస్తూ, వేలు పెట్టి పట్టుకున్నాడు. లోపం ఎక్కడుందో కంటితో చూసి, చేత్తో తాకి చేసే పని. నాదీ అంతే. సెట్టు విప్పకుండా నేను ఏనాడూ దేన్నీ బాగుచేయలేదు.

అక్కడ కూర్చున్న గంటసేపూ నేను మాట్లాడింది ఇదే. 1978 ఏప్రిల్‌లో, ఇంకా గురుగ్రహం కూడా చేరకముందే, వాయేజర్ 2 రిసీవర్ కాలిపోయింది. రెండోదానికి మారితే అందులో ఒక కెపాసిటర్ పోయి ఉంది. మా దుకాణంలో అయితే రెండు రూపాయల సరుకు, ఐదు నిమిషాల పని. అది పోవడం వల్ల రిసీవర్ తనంతట తాను స్టేషన్ పట్టుకోలేదు. నౌక వేడెక్కినా చల్లబడినా అది వినే ఫ్రీక్వెన్సీ జరిగిపోతుంది. కాబట్టి ఇప్పుడు అది ఎక్కడ వింటూ ఉంటుందో భూమి మీద లెక్కగట్టి, సరిగ్గా అక్కడే మాట్లాడాలి. చెవుడొచ్చిన తాతకు ఏ పక్కన కూర్చుని ఏ గొంతుతో చెబితే వినిపిస్తుందో ఇంట్లోవాళ్లు నేర్చుకున్నట్టు. నెప్ట్యూన్ దాకా పోయినదంతా ఆ చెవుడుతోనే.

2023 నవంబరులో వాయేజర్ 1 పిచ్చి మాటలు మొదలుపెట్టింది. అర్థంలేని ఒకట్లు, సున్నాలు. మెమరీలో ఒక చిప్పు చచ్చిపోయిందని కనిపెట్టడానికి నెలలు పట్టింది. చిప్పు మార్చడానికి మనిషి లేడు. ఆ చిప్పులో ఉండాల్సిన ప్రోగ్రామును ముక్కలు చేసి మిగతా మెమరీలో ఎక్కడ సందు దొరికితే అక్కడ ఇరికించారు. ఒక మాట చెబితే అది చేరడానికి 22 గంటల పైన, జవాబు రావడానికి మళ్లీ అంత. మా కొలతలో చెప్పాలంటే, వార్తాహరుడు హనుమకొండ నుంచి కాళేశ్వరం దాటి ఇంకా నలభై కిలోమీటర్ల పైన ఆగకుండా నడిచిపోయి, విషయం చెప్పి, అలాగే నడిచి రావాలి. 2024 ఏప్రిల్ 20న జవాబు వచ్చింది. నౌక మళ్లీ తెలివిగా మాట్లాడింది.

పంచర్ అతను అంతా విని, "మరి దానికి కరెంటు ఎక్కడిది సార్?" అని అడిగాడు. ఇంత సూటి ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. బయలుదేరాక గంటలోపే జవాబు చెప్పడానికి వీలైన చోటికి చేరాం, కానీ అప్పటికి అతను పక్కన లేడు.

చెల్పూరు దగ్గర కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం. చిమ్నీలు మైళ్ల అవతలి నుంచే కనిపిస్తాయి. రెండు యూనిట్లు కలిపి 1,100 మెగావాట్లు. పక్కనే భూపాలపల్లి గనుల బొగ్గు. వాయేజర్‌ది బయలుదేరిన నాడు 470 వాట్లు. మా ఇంట్లో పచ్చడి రుబ్బే మిక్సీ అంతకంటే ఎక్కువ తాగుతుంది. సూర్యుడికి అంత దూరంలో సోలార్ పలకలు పనికిరావు కాబట్టి ప్లుటోనియం వేడి నుంచి కరెంటు తీస్తారు. ఆ వేడి తగ్గుతూ వస్తుంది, ఏడాదికి సుమారు 4 వాట్లు పోతాయి. అందుకే ఒక్కొక్క పరికరాన్నీ, ఒక్కొక్క హీటర్నూ ఆపుకుంటూ వస్తున్నారు. నెల చివర జీతం అయిపోతున్న ఇల్లాలి లెక్క.

రాత్రి భూపాలపల్లిలో, సింగరేణిలో పనిచేసే మా బావమరిది క్వార్టర్‌లో పడుకున్నాం. రేడియో ఇంట్లో పలకలేదు. మేడ మీదికి ఎక్కి, యాంటెన్నా పూర్తిగా లాగి, ఒక మూల నిలబడితే ఏదో గొంతు ఉన్నట్టుంది. పాటో వార్తలో తేల్చుకోలేకపోయాం.

నాలుగో రోజు: ఒడ్డు

భూపాలపల్లి దాటాక అడవి. కాటారం ప్రాంతంలో ఒక హోటల్లో ఇడ్లీ తిన్నాం. చేతులు కడుక్కుంటూ మేనకోడలు నన్ను పిలిచింది. కుళాయి కింద ఒక స్టీలు పళ్లెం బోర్లించి ఉంది. నీటి ధార పడిన చోట చుట్టూ గుండ్రంగా, నున్నగా, పల్చని పొర పరుచుకుంటోంది. బెత్తెడు దూరం పోయాక ఆ నీరు ఒక్కసారిగా ఆగినట్టై, చుట్టూ ఉబ్బిన గట్టులా లేచి, అక్కడి నుంచి నెమ్మదిగా కదులుతోంది. కుళాయి కొంచెం తిప్పితే గట్టు వెనక్కీ ముందుకూ జరుగుతోంది. సూర్యుడి నుంచి అన్ని వైపులకూ సెకనుకు వందల కిలోమీటర్ల వేగంతో వీచే కణాల గాలి కూడా ఇలాగే ఒకచోట హఠాత్తుగా నెమ్మదిస్తుంది. వాయేజర్ 1 ఆ గట్టును 2004 డిసెంబరులో 94 దగ్గర దాటింది. వాయేజర్ 2 వేరే దిక్కున పోతోంది కాబట్టి 2007 ఆగస్టులో 84 దగ్గరే దాటింది. ఒకసారి కాదు, గట్టే ముందుకూ వెనక్కూ ఊగుతుండటంతో చాలాసార్లు. హోటలాయన వచ్చి కుళాయి కట్టేశాడు. నీళ్లు వృథా చేస్తున్నామని ఆయన బాధ.

దసలి పట్టుకు పేరున్న మహాదేవపూర్ దాటి, మధ్యాహ్నానికి కాళేశ్వరం చేరాం. మీటరు 118 చూపించింది. నా స్కూటర్ మీటరు, రోడ్డు వంపులు, దారిలో దుకాణాల కోసం తిరిగిన తిరుగుళ్లు కలిపి చూస్తే ఒకటి రెండు కిలోమీటర్ల తేడా క్షమించవచ్చు. సౌరగాలి ఆగిపోయే సరిహద్దును వాయేజర్ 1 దాటింది 122 దగ్గర, వాయేజర్ 2 దాటింది 119 దగ్గర.

ముందు దర్శనం. ఇక్కడ ఒకే పానవట్టం మీద రెండు లింగాలు, ఒకటి కాలుడిది, ఒకటి ముక్తీశ్వరుడిది. ముక్తీశ్వర లింగానికి ముక్కు రంధ్రాల్లాంటివి రెండున్నాయి. అందులో ఎన్ని నీళ్లు పోసినా బయటికి పొంగవు. ఆ నీరు లోపలి నుంచి సంగమానికి చేరుతుందని నమ్మకం. గోదావరి, ప్రాణహిత కంటికి కనిపించే నదులు. మూడోది సరస్వతి, అంతర్వాహిని. అది ఉందని చెప్పాలి తప్ప చూపించలేం.

ఒడ్డున ఇసుకలో కూర్చుని మేనకోడలు చెప్పింది. 2012 ఆగస్టు 25న వాయేజర్ 1 చుట్టూ సూర్యుడి కణాలు ఒక్కసారిగా పడిపోయాయి, బయటి నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలు పెరిగాయి. సరిహద్దు దాటిందా లేదా అన్న వాదన ఏడాది సాగింది. చుట్టూ ఉన్న ప్లాస్మా, అంటే విద్యుదావేశమున్న కణాల వాయువు, ఎంత చిక్కగా ఉందో కొలిస్తే తేలిపోయేదే, కానీ ఆ పరికరం 1980లోనే పాడైంది. అప్పుడు సూర్యుడే సాయం చేశాడు. 2012 మార్చిలో సూర్యుడి మీద జరిగిన ఒక పేలుడు తాకిడి, 2013 ఏప్రిల్‌లో నౌక ఉన్నచోటికి చేరి, అక్కడి ప్లాస్మాను గంటలా మోగించింది. ఆ మోత శ్రుతిని బట్టి చిక్కదనం లెక్కగట్టారు. లోపలికంటే 40 రెట్లు ఎక్కువ. కంటికి కనిపించని నదిని చప్పుడుతో గుర్తుపట్టారు. 2018 నవంబరు 5న వాయేజర్ 2 దాటేనాటికి దాని పరికరం బాగానే ఉంది, వాదన అవసరం పడలేదు.

అవతల సిరోంచ, మహారాష్ట్ర. వంతెన మీదికి నడిచి నడుమ నిలబడ్డాం. ఈ దారి ఇలాగే సాగితే వాయేజర్ 1 ఇప్పుడు 170 దగ్గర, అంటే ఇంకో యాభై కిలోమీటర్ల అవతల అడవిలో ఉంటుంది. సెకనుకు 17 కిలోమీటర్ల వేగం. మా కొలతలో రోజుకు పది మీటర్లు. మేనకోడలు వంతెన మీద పది మీటర్లు అడుగులతో కొలిచి, అక్కడ నిలబడి, "ఈ రోజుకు ఇంతే" అని చేయి ఊపింది. పక్కనున్న నక్షత్రం దగ్గరకు వెళ్లాలంటే ఇదే కొలతలో 2,68,000 కిలోమీటర్లు నడవాలి. నిజమైన చంద్రుడి దాకా ఉన్న దూరంలో మూడింట రెండు వంతులు.

ఆ రెండు నౌకల్లోనూ బంగారు పూత పూసిన రాగి రికార్డు ఒకటి ఉంది. 12 అంగుళాలది. ప్లేయరు లేదు గానీ సూది, కార్ట్‌రిడ్జ్ జతచేశారు, ఎలా తిప్పాలో మూత మీద బొమ్మలు చెక్కారు. ఎప్పటికైనా ఏ ఇతర లోకాల వాళ్లకైనా అది దొరికితే, తిప్పే బల్ల తామే తయారు చేసుకోవాలి. రికార్డు ప్లేయర్లు బాగుచేసినవాడిగా నాకు కొంచెం అనుమానంగానే ఉంది, మంచి బెల్టు దొరక్క మా దుకాణంలోనే మూడు మూలన పడి ఉన్నాయి. నౌకల్లోని ఆ రికార్డులో కేసర్‌బాయి కేర్కర్ పాడిన భైరవి ఉంది. 55 భాషల్లో పలకరింపులున్నాయి. వాటిలో తెలుగు ఒకటి. తెలుగు మాట్లాడే జనం తరఫున నమస్కారం, శుభాకాంక్షలు అని ఆ మాటల సారాంశం. త్రిలింగ దేశానికి హద్దులుగా చెప్పే శ్రీశైలం, ద్రాక్షారామం, కాళేశ్వరాల్లో ఒకదాని ముందు కూర్చుని ఆ సంగతి తలచుకుంటే, హద్దు గీసినవాళ్లు కాస్త పొదుపు చేశారనిపించింది.

రేడియో తీశాను. వరంగల్ ఉండాల్సిన చోట ఒట్టి బుస. యాంటెన్నా అటు తిప్పాను, ఇటు తిప్పాను. మా కేంద్రం వాయేజర్ కంటే ఎన్నో రెట్ల కరెంటుతో ప్రసారం చేస్తుంది. అయినా 120 కిలోమీటర్లకే నా ట్రాన్సిస్టర్ చేతులెత్తేసింది. వాయేజర్ ట్రాన్స్‌మిటర్ 23 వాట్లు, ఒక ఎల్ఈడీ ట్యూబ్‌లైటుకు పట్టేంత. రెండున్నర వేల కోట్ల కిలోమీటర్ల నుంచి వచ్చేసరికి భూమి మీద 70 మీటర్ల పళ్లెంలాంటి యాంటెన్నాలో పడేది ఎంతంటే, ఒక వాట్‌ను వంద కోట్ల ముక్కలు చేసి, అందులో ఒక ముక్కను మళ్లీ వంద కోట్ల ముక్కలు చేస్తే, ఆ ముక్క కంటే కూడా తక్కువ. అది వింటున్నారు.

"ఆపేయి మామయ్యా, ఏమీ రావడం లేదు" అంది మేనకోడలు.

వస్తోంది. స్టేషన్ల మధ్య వినిపించే బుసలో కొంత పాలపుంత నుంచి వచ్చేదే. మెకానిక్‌లందరికీ తెలిసిన సంగతి, కాకపోతే కస్టమర్‌కు అలా చెబితే డబ్బులివ్వడు. చీకటి పడేదాకా సంగమం ఒడ్డున దాన్ని అలాగే వినిపించనిచ్చాను.

ఐదో రోజు

స్కూటర్ మీద వెనక్కి రావడానికి నాలుగు గంటలు కూడా పట్టలేదు. పరకాల ఇవతల టీ కోసం ఆగినప్పుడు రేడియో వేస్తే వరంగల్ దొరికింది, పొలం పనుల కార్యక్రమం.

ములుగు రోడ్డు దగ్గర పండ్ల బండి ఆ చోటే ఉంది. త్రాసు పక్కన బత్తాయి ఉంది. చేతిలోకి తీసుకుంటే మాది కాదనిపించింది, కాస్త చిన్నగా, ఆకుపచ్చగా ఉంది.

"అది మొన్ననే పోయింది సార్. చూసుకోకుండా ఎవరికో డజనులో వేసేశాను. మీరు వచ్చి అడుగుతారని ఇంకోటి పెట్టాను" అన్నాడు అబ్బాయి.

మేనకోడలు స్కేలు తీసి కొలిచింది. ఏడు సెంటీమీటర్లు.

"శుక్రుడికి కూడా చాలదు" అని నాతో మెల్లగా అంది. అతనికి మాత్రం సరిపోయిందనే చెప్పింది.